సాంచా చప్పుడు లేని పాఠం

ఆడెపు చంద్రమౌళి పెద్ద గెలుపు సెట్ పరీక్ష. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పడానికి అర్హత ఇచ్చే ఆ పరీక్ష రెండుసార్లు అతణ్ణి గడప దగ్గరే ఆపి వెనక్కి పంపింది. మూడోసారి గడప దాటాడు. ఆ కబురు సిరిసిల్ల నేతవాడకు చేరిన రోజు, వాళ్ల నాయన శంకరయ్య నడుస్తున్న సాంచాలను నట్టనడుమ ఆపేశాడు. సాంచా అంటే మరమగ్గం. అది ఆగితే నేసే బట్ట మీటరు ఆగుతుంది, మీటరు ఆగితే కూలి ఆగుతుంది. పండుగకూ జ్వరానికీ స్విచ్చి జోలికి పోని చెయ్యి ఆ రోజు పోయింది. చప్పుడు ఆగేసరికి పక్క కార్ఖానాలవాళ్లు ఎవరికో ఏదో అయిందనుకొని ఉరికి వచ్చారు.

"ఏమైంది శంకరన్నా? కరెంటు కొట్టిందా ఏంది?"

"కరెంటు గాదు, కొడుకు కొట్టిండు. లెక్చరరైండు. అందరు చాయ తాగిపోండ్రి."

అంతకుముందు గెలుపులు కూడా తీసిపారేసేవి కావు. ఆ వాడలో పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైన మొదటివాడు చంద్రమౌళి. జగిత్యాలలో బీకాం చదివేటప్పుడు హాస్టల్ గదిలో తనతో ఉన్నవాళ్లందరికీ లెక్కలు చెప్పి గదిని గదినే గట్టెక్కించాడు. కరీంనగర్‌లో ఎంకాం చదివాడు. సెట్ గెలిచాక కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌గా చేరాడు. వారమంతా కోరుట్లలో అద్దె గది, ఆదివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సు. సర్టిఫికెట్లు ఎవరైనా సంపాదించుకోవచ్చు. కానీ చంద్రమౌళి సంపాదించిన గొంతు మాత్రం మరొకరికి దొరికేది కాదు.

చిన్నప్పుడు బడి విడవగానే కార్ఖానాకు వెళ్లి నాయన చేతికి దారం కండెలు అందించేవాడు. వరసగా సాంచాలు టకటకలాడుతుంటే మామూలు మాట చెవిదాకా రాదు. పెద్దవాళ్లు పెదవులు చూసి మాట పట్టుకునేవారు, చేతులతో జవాబు చెప్పేవారు. చంద్రమౌళి మాత్రం ఎక్కాలు కూడా చప్పుడు మీద నుంచే చదివాడు. సాంచా కన్నా ఒక మెట్టు పైన గొంతు నిలబెట్టి, ఒక్కో మాటనూ విడదీసి, పోగు అతికినట్టు పలకడం అలా అలవాటైంది. కోరుట్లలో అతను ఒక గదిలో పాఠం చెబితే అటూ ఇటూ గదులవాళ్లు కూడా రాసుకునేవారు. "ఒక్క జీతానికి మూడు క్లాసులు జెప్తున్నవు మౌళీ" అని ప్రిన్సిపాల్ నవ్వేవాడు.

చెప్పే తీరు కూడా అలాంటిదే. పుస్తకంలో నార్మల్ లాస్, అబ్‌నార్మల్ లాస్ అని ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో తారుమారు చేసేవారు. చంద్రమౌళి బోర్డు మీద సాంచా బొమ్మ గీశాడు.

"నేసేటప్పుడు కొంత దారం వేస్టు పోతది. ఎంత మంచిగ నేసినా పోతది. గది నార్మల్. నడుమల కరెంటు పోయి బట్ట ఖరాబైందనుకో, గది అబ్‌నార్మల్. సమజైందా?"

"సారూ, మా దిక్కు కరెంటు పోవుడు గుడ నార్మలే గద?" అంది ముందు బెంచీలో రేష్మా. క్లాసంతా గొల్లుమంది. కోరుట్ల పిల్ల, మాటకు మాట అప్పజెప్పేది. కానీ ఆ లెక్క అక్కడున్న ఎవరూ మళ్లీ తప్పలేదు.

ఆ రేష్మా వల్లే అసలు సంగతి మొదలైంది. ఒక ఆదివారం ఫోన్ చేసింది. తెల్లారితే పరీక్ష, జ్వరంతో క్లాసు పోగొట్టుకుంది. చంద్రమౌళి అప్పుడు కార్ఖానాలో ఉన్నాడు. నాయన అన్నానికి వెళ్లాడు, సాంచాలు కొడుకు చేతిలో ఉన్నాయి, ఆపడానికి లేదు. ఫోనును కండెల డబ్బా మీద నిలబెట్టి, రికార్డు నొక్కి, ఒక కన్ను పోగుల మీద, ఒక కన్ను ఫోను మీద పెట్టి పాఠం మొత్తం చెప్పేశాడు. మధ్యలో రెండుసార్లు లేచిపోయి తెగిన పోగు అతికి వచ్చాడు. ఆ చప్పుడుతోనే పంపాడు.

రేష్మా పాసైంది. ఊరుకుంటే రేష్మా ఎందుకవుతుంది? ఆ పాఠాన్ని మస్కట్‌లో ఉన్న అన్న షోయబ్‌కు పంపింది. అతను అక్కడ గోదాములో పనిచేస్తూ దూరవిద్యలో బీకాం కట్టాడు. షోయబ్ ఉండే గదిలో సిరిసిల్లవాళ్లున్నారు, గంభీరావుపేటవాళ్లున్నారు, మెట్‌పల్లివాళ్లున్నారు. షోయబ్ పాఠం పెట్టగానే పై మంచం మీద పడుకున్న సిరిసిల్ల మనిషి దిగ్గున లేచి కూర్చున్నాడట. "అరే, గది సాంచా చప్పుడురా! బందు చెయ్యకు, ఉండనియ్యి!" అన్నాడట. చదువు కోసం ఒకరు, చప్పుడు కోసం ఒకరు. మొత్తానికి గదంతా విన్నది. పక్క గదివాళ్లు తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఆ నెల తిరిగేలోపు దోహా, కువైట్, దుబాయ్ అని లేదు, మనవాళ్లున్న ప్రతిచోటా 'సాంచా సారు పాఠం' అని పేరు పడిపోయింది.

ఇక ప్రతి ఆదివారం పాఠమే. క్లాసులో చెప్పినదాన్నే కార్ఖానాలో మళ్లీ చెప్పి, నెట్‌లో తన ఛానల్‌లో వదిలేవాడు. బీడీలు చుట్టే ఆడపిల్లలు ఒక్క ఫోనును నడుమ పెట్టుకొని, చేతులు ఆకు మీద ఆడుతుండగా చెవులు పాఠానికి అప్పగించేవారు. ఇద్దరు డిగ్రీ పూర్తి చేసి జగిత్యాలలో అకౌంట్స్ పనికి కుదిరారు. సూపర్‌వైజర్ అయిన ఒక మెట్‌పల్లి మనిషి వీడియోలో కనిపించి, "సార్, మీ నార్మల్ లాసే నన్ను నిలబెట్టింది" అని దండం పెట్టాడు. చంద్రమౌళి ఆ వీడియోను బస్సులో ఎన్నిసార్లు చూసుకున్నాడో కండక్టర్‌కే తెలుసు.

అయితే ఇంట్లో ఒక పంచాయతీ నడుస్తూనే ఉండేది. చాటను ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్న తల్లి దుర్గవ్వ ఒక ఆదివారం నోరు విప్పింది.

"వారమంత కాలేజిల జెప్తివి. ఇంటికచ్చి అన్నం సల్లారేదాంక మల్ల గదే జెప్పవడితివి. గీ పనికి కూలెవలిస్తరు కొడుకా?"

"సదువుకునేటోళ్లే అవ్వా. కూలేందే?"

"ఆకు నానవెట్టుడు నాదే, కత్తిరిచ్చుడు నాదే, సుట్టుడు నాదే. ఊకెనే సుట్టిస్తె కంపినోడు మురుస్తడు గని, మన పొయ్యి మురుస్తదా?"

శంకరయ్య అడ్డం వచ్చాడు. "క్లాసుల జెప్పినదానికి జీతమిచ్చిండ్రు గదనే. నేసిన బట్ట థానుకు కూలి ఒక్కపారే. అంగి తొడుక్కున్నోడు తొడుక్కున్నప్పుడల్ల మనం పోయి కూలడుగుతమా?"

"అంగి ఒక్కడు తొడుక్కుంటడు. వీని పాఠం వెయ్యి మంది ఇనవట్టిరి. ఒక్క అంగి వెయ్యి మందికి తొడిగి సూపియ్యి, గప్పుడు ఒప్పుకుంట!"

శంకరయ్య మాట మార్చాడు. "ఆకు ఎండుతున్నది, గది సూసుకో" అని లేచిపోయాడు. చంద్రమౌళికి మాత్రం ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అదే చిక్కు.

ఆ చిక్కు మీదికి కాలేజీ యజమాని సురేందర్ వచ్చి కూర్చున్నాడు. జగిత్యాలలో ఆయన ఆఫీసు. చంద్రమౌళిని పిలిపించి, చల్లని గదిలో కూర్చోబెట్టి, బాదంపాలు తెప్పించాడు.

"నువ్వు బంగారు గనివయ్యా మౌళీ. గనికి తలుపు లేకుంటె ఎట్ల? ఇగ ఊకెనే ఇచ్చుడు బందు. ఇక్కడ మంచి స్టూడియోల రికార్డు చేద్దాం, మన కాలేజి యాప్‌ల పెడ్దాం. వినాల్నంటె పైసలు కట్టాలె. వచ్చినదాంట్ల సగం నీకు."

"మన పిల్లలు గుడ కట్టాల్నా సార్? వాళ్లు ఫీజు కట్టిండ్రు గద."

"క్లాసుకు కట్టిండ్రు. రికార్డింగుకు కట్టలే. ఇంకోటి, ఆ పాతయి తీసెయ్యి. ఊకె దొరికేది ఉండంగ ఎవడు కొంటడు?" ఆయన నవ్వుతూనే అన్నాడు. "జూన్‌ల లెక్చరర్ల లిస్టు కొత్తగ రాస్తం. నీ పేరు పైన్నే ఉండాల్నని నా కోరిక."

చంద్రమౌళి బాదంపాలు తాగలేకపోయాడు. సరే అంటే షోయబ్ గది, బీడీల దగ్గర ఆడపిల్లలు పాఠానికి దూరమవుతారు. కాదంటే రెండు దఫాలు తన్నులు తిని మూడోసారి గెలుచుకున్న కుర్చీ పోతుంది. ఇందులో భయమొక్కటే లేదు, మురిపెం కూడా ఉంది. తన మాటకు ధర కట్టిన మొదటి మనిషి ఎదురుగా కూర్చున్నాడు. అవ్వ అడిగిన కూలి ఇదే కదా! ఇంట్లో చెప్పకుండానే సంతకం పెట్టి వచ్చాడు. పాత పాఠాలు తీసేశాడు.

కోరుట్లలో రేష్మా వరండాలోనే పట్టుకుంది. "సారూ, క్లాసుకు ఫీజు కట్టినం. మల్ల గదే పాఠం ఫోన్ల ఇనాల్నంటె ఇంకో ఫీజట. ఒక్క సినిమకు రెండు టికెట్లా?"

"స్టూడియోల మంచిగ చేస్తరు రేష్మా."

"పాతదానికి ఏం రోగమచ్చింది సార్? మాకు మంచిగనే ఇనిపిచ్చింది."

స్టూడియోలో గోడలకు దూది అతికించినట్టు మెత్తలు. చీమ నడిచినా వినిపించేంత నిశ్శబ్దం. కోటు తొడిగారు, ముఖానికి పౌడరు రాశారు. చంద్రమౌళి నోరు తెరవగానే రికార్డు చేసే ఆయన చెవుల మీది యంత్రం పీకేసి, "మెల్లగ సార్! గోడ అవుతల ఎవలు లేరు" అన్నాడు. మెల్లగా మాట్లాడడం అతనికి రానే రాదు. పట్టుబట్టి నేర్చుకున్నాడు. తగ్గించి తగ్గించి మాట్లాడేసరికి ఆ గొంతు అతనికే కొత్తగా, ఎవరో టీవీలో వార్తలు చదువుతున్నట్టుంది.

వానాకాలం మొదట్లో కొత్త పాఠాలు యాప్‌లోకి వచ్చాయి. చంద్రమౌళి ఫోను పట్టుకొని కూర్చున్నాడు. కొన్నవాళ్లు లేరు. వారం తిరిగింది, అప్పుడూ లేరు. ఆ ఆదివారం ఇంటికి పోతే శంకరయ్య గడపలోనే ఎదురొచ్చాడు, చేతిలో ఫోను, కళ్లల్లో నిప్పులు.

"అరేయ్ మౌళీ, నీ పేరు మీద ఎవడో దొంగ తిరుగుతున్నడురా! మస్కట్ నుంచి అందరికి అచ్చింది. ఇను."

ఫోనులో షోయబ్ గొంతు మోగిపోయింది: "అన్నలూ, తమ్ములూ, జర పైలం! సాంచా సారు పేరు మీద ఒక ఫ్రాడ్ యాప్ అచ్చింది. పైసలు అడుగుతుండ్రు. పాఠంల సాంచా చప్పుడే లేదు. మొకం సారు తీర్గ తయారు చేసిండ్రు, కోటు తొడిగిండ్రు గని గొంతు సారుది కాదు. సారు అంత మెల్లగ మాట్లాడుతడా? ఎవలూ నొక్కకుండ్రి. అందరికి పంపుండ్రి!"

అందరూ పంపారు. చదువు పాఠం కన్నా జాగ్రత్త పాఠం ఎక్కువ దూరం తిరిగింది. అది గల్ఫ్ దాటి, మెట్‌పల్లి దాటి, కొండగట్టుకు మొక్కులకు పోయినవాళ్ల ఫోన్లలో కూడా మోగి, చివరికి సిరిసిల్లలో సొంత తండ్రి చేతికి వచ్చింది. ఆ దొంగను పట్టుకుంటానని శంకరయ్య చెప్పులు వేసుకున్నాడు కూడా.

చంద్రమౌళికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బయటికి పోయి షోయబ్‌కు ఫోన్ చేశాడు. "షోయబ్, నేను మౌళి సారును."

"అచ్ఛా! ఇప్పుడు ఫోన్లు గుడ చేస్తున్నర్రా?" అన్నాడు షోయబ్. "గీ నడుమ గొంతులు గుడ తయారు చేస్తుండ్రట, మాకు తెల్వదా? నువ్వు నిజంగ సారువైతే సాంచా చప్పుడు ఇనిపియ్యి."

పాఠాలు చెప్పిన గురువు తాను తానేనని రుజువు చేసుకోవలసిన రోజు అది. చంద్రమౌళి కార్ఖానాకు ఉరికాడు. అన్ని సాంచాలూ నడుస్తున్నాయి. ఫోను పైకెత్తి వాటి మధ్య నిలబడి, పాత గొంతుతో, ఊరంతా వినపడేలా అరిచాడు: "షోయబ్! నార్మల్ లాస్ అంటె ఏంది?"

అవతల గదికి గదే ఈలలు వేసింది. "సారే! సారేరా బై! సారూ, బతికున్నరా! మిమ్మల్ని ఎవడో మాయం చేసిండనుకున్నం!"

ఆ సంబరాన్ని ఆపడం చంద్రమౌళికి ఇష్టం లేదు. కానీ చెప్పక తప్పదు. సాంచాల మధ్య మెల్లగా చెప్పడం కుదరదు కాబట్టి అదీ అరిచే చెప్పాడు. "ఆ యాప్‌ల ఉన్నది నేనే షోయబ్. దొంగ ఎవడు లేడు. పాత పాఠాలు తీసింది నేనే, పైసలు అడిగింది నేనే."

ఈలలు ఆగిపోయాయి. షోయబ్ గొంతు చిన్నదైంది. "మీరా సార్? ఒక్క మాట మాకు జెప్తె అయిపోవు గద. మేము పైసలకు ఎనకకు పోయేటోళ్లమా? గని మా చెల్లె క్లాసు ఫీజు కట్టింది. గదే పాఠానికి మల్ల కట్టుమంటే... చెల్లె జెప్పినా, మీరు గట్ల అంటరని మేము నమ్మలే సార్. గందుకే ఫ్రాడ్ అనుకున్నం."

ఆ మాట చంద్రమౌళికి సూటిగా తగిలింది. వెనకే వచ్చి పక్కన నిలబడి కొడుకు పెదవులనే చూస్తున్న శంకరయ్యకు సగం మాటలతోనే మొత్తం అర్థమైంది. చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"బాబూ, నేను సారు బాపును. నేసిన థానుకు కూలి ఒక్కపారే, గది అయిపోయింది. ఆ పాత థాను మీదే, ఇనుకోండ్రి. మల్ల కొత్త భీము ఎక్కిచ్చి నెయ్యుమంటె మాత్రం కొత్త కూలి. ఊకె నెయ్యుడు గుడ తప్పే. ఇంట్ల వాళ్ల అవ్వ నన్ను బతుకనియ్యది."

భీము అంటే సాంచాకు ఎక్కించే నిలువు పోగుల చుట్ట. షోయబ్ అది తెలిసినవాడు కాదు, కానీ వెనుక సిరిసిల్ల మనిషి చెప్పినట్టున్నాడు. గుసగుసలు, గుంజులాట, ఎవరో ఎవరినో తోయడం వినిపించింది. తర్వాత షోయబ్ గొంతు మళ్లీ లేచింది.

"అయితే కొత్త భీమే ఎక్కిద్దాం సారూ! మీరే ఇక్కడికి రండ్రి. పరీక్షల ముంగట మూడు శుక్రవారాలు మాకు కండ్ల ముంగట కూసొని జెప్పుండ్రి. టికెట్టు మాది, గది మాది, మీ కూలి మాది. ఇక్కడి మన సంఘపోళ్లు కాగితాలన్ని సూస్తరు. అత్తరా?"

చంద్రమౌళి నాయన వైపు చూశాడు. శంకరయ్య చేతితో సైగ చేశాడు. కార్ఖానా భాషలో దాని అర్థం: వదలకు, పోగు పట్టుకో.

తెల్లారి చంద్రమౌళి వెళ్లేసరికి జగిత్యాలలో సురేందర్ ఆఫీసు సంతలా ఉంది. పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చూపిస్తూ, కాలేజీ పేరు మీద దొంగ యాప్ నడుస్తోందని మొరపెట్టుకుంటున్నారు. వాళ్లు పోయాక ఆయన తల పట్టుకున్నాడు. "నా యాప్ నా ముంగటనే దొంగదైపాయె గదయ్యా!"

"యాప్‌ల నుంచి పైసల తలుపు తీసెయ్యుండ్రి సార్" అన్నాడు చంద్రమౌళి, సాంచా గొంతుతోనే. "క్లాసుల జెప్పినదానికి పిల్లలు మీకిచ్చిండ్రు, మీరు నాకిచ్చిండ్రు. గది అక్కడితోని సరి. పాత పాఠాలు మల్ల పెడ్త, కింద మన కాలేజి పేరు ఏసుకుందాం. ఎవలకన్న కొత్తగ కూసుండి జెప్పాల్నంటె గప్పుడు అడుగుదాం కూలి. వచ్చే జూన్ లిస్టుల నా పేరు తీసేస్తే తీసెయ్యుండ్రి. నాకు సాంచా ఉన్నది, ఫోనున్నది."

సురేందర్ తల మీది చేతులు దించి నవ్వేశాడు. "నిన్ను తీస్తే ఫ్రాడు నిజమే అంటది లోకం. పో, పెట్టుకో. కాలేజి పేరు మాత్రం పెద్దక్షరాల్ల ఎయ్యి."

పాత పాఠాలు ఆ సాయంత్రమే మళ్లీ వచ్చాయి. ఈసారి మస్కట్ నుంచి వచ్చిన కబురులో షోయబ్ ఒక్క మాటే అన్నాడు: "చప్పుడచ్చింది. నొక్కుండ్రి!"

నేతవాడ నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లకు లెక్కలేదు. మూటలు మోయడానికి పోయారు, గోడలు కట్టడానికి పోయారు, ట్రక్కులు నడపడానికి పోయారు. పాఠం చెప్పడానికి, అదీ పిలిపించుకొని, కూలి ముందే మాట్లాడుకొని పోయిన మొదటి మనిషి ఆడెపు చంద్రమౌళి. ఈ సంగతి దుర్గవ్వ కంపెనీలో బీడీలు అప్పజెప్పే వరసలో నిలబడి ఒక్కరిని వదలకుండా చెప్పింది. "నేనే మొదాలు కూలి సంగతి తీసిన" అని కూడా చేర్చింది. శంకరయ్య దానికి ఎదురు చెప్పలేదు. "థాను మాట నాది, కూలి మాట దానిది" అని పంచుకున్నాడు.

నవంబరు ఇరవై, గురువారం. సిరిసిల్లలో విమానాశ్రయానికి పోయే కారు ఎక్కేముందు షోయబ్ మళ్లీ ఫోన్ చేశాడు. "సార్, హాలు మాట్లాడినం. పెద్దగున్నది, సప్పుడే లేదు."

"సప్పుడు లేకుంటె నాకు పాఠం రాదు షోయబ్."

"గందుకే అంటున్న సార్. చప్పుడు తెండ్రి!"

తెచ్చే పని శంకరయ్య అంతకుముందే చేసేశాడు. సాంచాలన్నీ నడుస్తుండగా ఫోనును కండెల డబ్బా మీద, ఆ పాత చోటే నిలబెట్టి, ఒక పాఠానికి సరిపోయేంత చప్పుడు రికార్డు చేసి కొడుకుకు పంపాడు. "గిది మాత్రం ఊకెనే" అన్నాడు.

కారు కదిలింది. వాడ వాడంతా రోడ్డు మీద ఉంది. కోరుట్ల నుంచి రేష్మా స్నేహితురాళ్లతో వచ్చి, "సారూ, మా అన్నను బోర్డు కాడికి పిలిచి నార్మల్ లాస్ అడుగుండ్రి!" అని కేకేసింది. శంకరయ్య కార్ఖానాలోకి తిరిగి వెళ్లి, ఆపి ఉంచిన సాంచా ముందు నిలబడ్డాడు. దాని మీద కొత్త భీము ఎక్కించి ఉంది, మొదటి పోగు మాత్రం అతకలేదు. అది కొడుకు చేత్తోనే అతికించాలని పట్టు. పక్కన గోడ మీద, ఎవరూ చెరపకుండా, సుద్దముక్కతో తన బడి అక్షరాల్లో పెద్దగా రాసి పెట్టాడు:

మౌళి వచ్చేది డిసెంబర్ 7, 2025, ఆదివారం.